బోర్డు కింది గుంజ

కొమురెల్లికి బాయి అంటే భయం. బొగ్గుబాయిలో దిగే ప్రతివాడికీ కొంత భయం ఉంటుంది. దాన్ని కల్లుతోనో నవ్వుతోనో మింగేసి దిగుతాడు. కొమురెల్లిది మింగుడుపడే భయం కాదు. షిఫ్టు సైరన్ కూసిందంటే అన్నం ముందు కూర్చున్నవాడికి కూర్చున్నట్టే చెమటలు పట్టేవి. ఈ సంగతి గోదావరిఖనిలో ఇద్దరికే తెలుసు. ఒకరు అతని భార్య సారక్క, రెండోవాడు బస్టాండు పక్కన మోటారు షెడ్డు నడిపే హమీద్.

మిగతావాళ్ల దృష్టిలో అతను పెట్టి పుట్టినవాడు. బాయిలో బొగ్గు నింపే మనిషి పైకొచ్చి, వర్కుషాపులో నీడపట్టున కూర్చుని, బొగ్గు మోసే టబ్బుల మీద నంబర్లు రాసుకుంటున్నాడంటే ఎవరికైనా కడుపు మండుతుంది.

అతన్ని పైకి తెచ్చింది చేతిరాత కాదు, బండ. రెండేళ్ల కింద రెండో షిఫ్టులో బాయి కప్పు కూలింది. పక్కన పార పట్టుకుని ఉన్న నర్సింగం దాని కింద పడ్డాడు. కొమురెల్లి బండకూ గోడకూ మధ్య సందులో ఇరుక్కున్నాడు. దీపాలు ఆరిపోయాయి. ఆ చీకట్లో నర్సింగం కొంతసేపు మాట్లాడాడు. ఏం మాట్లాడాడో కొమురెల్లి సారక్కకు కూడా చెప్పలేదు. మనుషులు తవ్వుకుంటూ వచ్చేసరికి మాటలు ఆగిపోయి చాలాసేపయింది.

దవాఖానలో చూసి ఎముకలు బాగున్నాయన్నారు, ఫిట్ అని పంపించారు. మళ్ళీ దిగబోయిన రోజు బాయి నోటి దగ్గరే కాళ్లు మడతపడి కూలబడ్డాడు. ఎండదెబ్బ అనుకున్నారు. స్టోర్సు ఆఫీసరు లింగమూర్తి అటు పోతూ చూసి, ఇతను బడి చదువు చదివినవాడని, అక్షరం గుండ్రంగా రాస్తాడని తెలిసి, వర్కుషాపులో పెయింటరు పనికి పెట్టించాడు. అదంతా నోటిమాట మీద జరిగింది. లెక్కకు అతను ఇప్పటికీ బాయిలో మనిషే.

డెబ్బై మూడు ఎండాకాలంలో ఆ నోటిమాట కదిలింది. బొగ్గు చాలడం లేదని, ఫిట్‌గా ఉండి పైన తిరిగేవాళ్లందరినీ కిందికి పంపాలని హుకుం వచ్చింది. లింగమూర్తి అతన్ని ఆఫీసుకు పిలిపించాడు. ఫ్యాను కింద కూర్చుని, పుల్లతో పళ్లు కుట్టుకుంటూ, ముందు ఇంటి సంగతులడిగాడు. తర్వాత క్లబ్బు సంగతి ఎత్తాడు.

ఆఫీసర్ల క్లబ్బుకు ఆయనే సెక్రటరీ. క్లబ్బులో ఒక పిన్‌బాల్ మిషను ఉంది. యంత్రాలు బిగించడానికి వచ్చిన విదేశీ ఇంజనీరు పోతూ పోతూ ఇచ్చిపోయాడు. దాని బోర్డు మీది బొమ్మ అరిగిపోయింది. వచ్చే ఆదివారం కొత్త పెద్ద సారు క్లబ్బుకొస్తున్నాడు, ఆయనకు ఆ ఆటంటే ప్రాణమట.

"ఆ బొమ్మ మల్ల నిలబెట్టు," అన్నాడు లింగమూర్తి. "గీ పెయింటరు లేకుంటె మనకు నడువదని పెద్ద సారు ముంగటనే చెప్త. నీ పేరు పెయింటర్లల్ల ఎక్కుతది. లేదంటవా, సోమవారం పొద్దుగాల నీ దీపం నువ్వు తీసుకోని బాయి దిగు. నేను అడ్డం రాను."

కొమురెల్లి సరే సార్ అన్నాడు. అనక ఏమంటాడు.

ఇంటికి పోయి చెప్తే సారక్క బీడీలు చుట్టడం ఆపకుండానే వింది. దిగనని చెప్పమంది, నౌకరి పోతే పోనీ అంది. నౌకరి పోతే క్వార్టరు పోతుంది. కమాన్‌పూర్ దగ్గర అన్నదమ్ముల చేతిలో ఉన్న చెలక ఇద్దరికి గింజలు పెట్టేది కాదు. ఇవన్నీ ఆమెకూ తెలుసు. తెలిసీ అంది.

మర్నాడు అతను క్లబ్బుకు పోయి మిషను చూశాడు. నాలుగు కాళ్ల మీద నిలబడ్డ పొడుగాటి పెట్టె. పైన అద్దం, అద్దం కింద వాలుగా ఒక చెక్క బోర్డు. స్ప్రింగు లాగి వదిలితే ఉక్కుగుండు పైకి పోయి, రబ్బరు పట్టీలకు తగిలి, గంటలు మోగిస్తూ కిందికి జారుతుంది. బోర్డు మీద సర్కసు బొమ్మ వేసి ఉంది. నీలం డేరా, ఏనుగు, ఊయల మీద పసుపు గౌను వేసుకున్న ఆడపిల్ల. మధ్య మధ్య గుండ్రటి రంగు బిళ్లలు చెక్కలో సమంగా పొదిగి, వాటి కింద బల్బులు పెట్టారు. గుండు ఏళ్ల తరబడి దొర్లి దొర్లి ఊయల పిల్ల ముఖాన్ని, భుజాన్ని తినేసింది. అక్కడ ఒట్టి చెక్క ఉంది. డేరా సగం లేదు.

కుంచెతో రాస్తే కాదని చూడగానే తెలిసింది. కుంచె గీత ఎంత సన్నదైనా అంచు లేచి నిలబడుతుంది, గుండు దాని మీద ఎగురుతుంది. పాత రంగులోకి కొత్త రంగు పొగ కలిసినట్టు కలవాలి. అంటే చిమ్మాలి.

వర్కుషాపులో టబ్బులకు ఎర్రరంగు కొట్టే పెద్ద గన్ను ఉంది. దాన్ని ఒక పలక మీద కొట్టి చూశాడు. ఊయల పిల్లే కాదు, ఏనుగు కూడా మునిగిపోయేంత రంగు పడింది. తర్వాత దోమల మందు కొట్టే పంపు తెచ్చి అందులో రంగు పోశాడు. అది తుమ్మినట్టు చుక్కలు చుక్కలుగా పడింది. ఆ పలక, ఆ పంపు పట్టుకుని హమీద్ షెడ్డుకు పోయాడు.

హమీద్ కంపెనీ జీపులకు రంగులు వేసేవాడు. బండి కింద పడుకుంటే సగం మాటలు దక్కనీలోనూ సగం తెలుగులోనూ తనలో తానే మాట్లాడుకుంటాడు. పంపు చూసి పడుకున్నవాడు పడుకున్నట్టే నవ్వాడు.

"దోమల మందు కొడుతున్నవా భాయ్? పిల్ల సస్తది."

కొమురెల్లి నవ్వలేదు. లింగమూర్తి అన్నమాట చెప్పాడు. హమీద్ బండి కింది నుంచి బయటికొచ్చి చేతులు తుడుచుకున్నాడు. మళ్ళీ ఆ మాట మీద హాస్యమాడలేదు.

తన మేనమామ కొడుకు అస్గర్‌కు మంచిర్యాలలో ఫొటో స్టూడియో ఉందని, పెండ్లికొడుకుల ముఖాల మీద మొటిమలు, మచ్చలు మాయం చేయడానికి అతని దగ్గర గాలితో రంగు చిమ్మే కలమంత ఎయిర్ బ్రష్‌లు ఉన్నాయని చెప్పాడు. ఇద్దరూ ప్యాసింజరు ఎక్కి గోదావరి దాటి పోయారు. వంతెన మీద బండి నడిచినంతసేపూ కొమురెల్లి కిటికీ బయటికే చూశాడు. కింద ఇసుక, పైన ఆకాశం. తలమీద ఏమీ లేని చోట అతనికి ఊపిరి బాగా ఆడేది.

అస్గర్ రెండు బ్రష్‌లు బల్ల మీద పెట్టాడు. ఒకటి మెరుస్తూ ఉంది. దానికి ఒకే మీట. నొక్కితే గాలి వస్తుంది, వెనక్కి లాగితే రంగు వస్తుంది, ఎంత లాగితే అంత. చెయ్యి తిరిగినవాడు దానితో కనురెప్ప వెంట్రుక కూడా గీస్తాడట. రెండోది పాతది, పూత లేచిపోయింది. దానికి వెనక ఒక మర ఉంది. రంగు ఎంత రావాలో ముందే మర తిప్పి కట్టేయాలి. వేలికి గాలి వదలడం ఒక్కటే పని.

కొమురెల్లి ముందు మెరిసేది తీసుకున్నాడు. కాగితం మీద ఒక గీత కొట్టాడు. ఆ గీతలో అతని వేలి వణుకు మొత్తం కనిపించింది. సన్నగా మొదలై, ఉబ్బి, తెగి, మళ్ళీ ఉబ్బింది. అస్గర్ ఏదో అనబోతే హమీద్ కళ్లతో ఆపాడు. కొమురెల్లి దాన్ని కింద పెట్టి పాతది తీసుకున్నాడు. మర బిగించి కొట్టాడు. చెయ్యి వణికినా రంగు వణకలేదు. ఇదే కావాలన్నాడు.

అస్గర్ ముఖం ముడుచుకుని, బ్రష్ పోతే తన దగ్గర ఇంకోటి లేదన్నాడు. హమీద్ తన పూచీ అన్నాడు. ఆ మాట మీదే ఇచ్చాడు.

గాలి ఎక్కడిదన్నది తర్వాతి బెంగ. వర్కుషాపు కంప్రెషరు గాలిలో నూనె ఉంటుందని, బొమ్మ మీద చేపకళ్లలాంటి గుంటలు పడతాయని హమీద్ అన్నాడు. లారీ స్టెప్నీ టైరుకు నిండా గాలి కొట్టి, దాని నోటికి గొట్టం తగిలిస్తే మెత్తని పొడిగాలి వస్తుందన్నాడు. తన షెడ్డులో ఉన్న స్టెప్నీ పనికొస్తుందన్నాడు.

ఇక రంగులు. కొమురెల్లి మనసు జీపులకు కొట్టే డుకో మీద ఉంది. చూస్తుండగా ఆరుతుంది, రాయిలా గట్టిపడుతుంది, గుండు దెబ్బకు ఆగుతుంది. దానిలో కలిపే థిన్నరు పాత రంగును ఉడికిస్తుందేమోనని హమీద్ అనుమానపడ్డాడు. ఊరికే వాదించుకోవడం ఎందుకని, క్లబ్బుకు పోయి, బోర్డు అంచున కర్రపట్టీ కింద దాగే చోట మూడు చుక్కలు పెట్టి చూశారు. డుకో పెట్టిన చోట పాత రంగు కాలిన చర్మంలా ముడతలు పడి లేచింది. అదే ఊయల పిల్ల ముఖం మీద పెట్టి ఉంటే అయిపోయేది.

ఎనామిల్ ఏ హానీ చేయలేదు. కానీ ఆరడానికి ఒక పగలూ రాత్రీ పడుతుంది. గోదావరిఖని గాలిలో తడిరంగును అంతసేపు పెడితే బొమ్మ మీద బొగ్గుపొడి గరుకు కట్టేస్తుంది. ఆ ఊళ్లో ఆరేసిన తెల్లపంచె సాయంత్రానికి తెల్లగా ఉండదు.

మూడోది బడిపిల్లలు బొమ్మలు వేసే నీళ్లరంగు. తడిబట్టతో తుడిస్తే వచ్చేసింది. కింది పాత రంగు చెక్కుచెదరలేదు.

"ఇది వద్దు, కచ్చా రంగు," అన్నాడు హమీద్. "గుండు రెండుసార్లు దొర్లితె పోతది."

"తప్పు పోతె తుడుసుకోవచ్చు గదా," అన్నాడు కొమురెల్లి.

హమీద్ తలూపాడు. నీళ్లరంగుతో బొమ్మ వేసి, అది కుదిరాక పైన స్పిరిటు పాలిష్‌ను అదే బ్రష్‌తో పలచగా పొరలు పొరలుగా చిమ్మి, చివర వార్నిష్ వేయవచ్చన్నాడు. కుంచెతో పాలిష్ వేస్తే కింది రంగు కరిగి జారుతుంది, అందుకని చిమ్మాలి. భయపడేవాడి చేతికి సరిపోయే రంగు అదొక్కటే. అందువల్లే అదే సరైన రంగు కూడా అయింది. కొమురెల్లికి ఆ రోజు మొదటిసారి ఆకలేసింది.

అక్కడివరకు పని సవ్యంగా నడిచింది.

శుక్రవారం పొద్దున బోర్డు మీది సామాను విప్పాలి. గుండు తగిలి ఎగిరే రబ్బరు గుబ్బల్ని పైనుంచి లాగితే రావు. వాటి నట్లు బోర్డు కింద ఉన్నాయి. కరెంటు తీసేసి, అద్దం తీసి, బోర్డు ముందు అంచు పట్టుకుని లేపితే అది వెనక కీళ్ల మీద మూతలా లేచింది. పెట్టెలోనే ఒక సన్నని ఇనుప ఊచ ఉంది. ఆ ఊచ మీద బోర్డును ఆనించి, కింద తల పెట్టి నట్లు విప్పాలి. హమీద్ తాను విప్పుతానన్నాడు. అతనికి తీగల సంగతి తెలియదని, స్టెప్నీ తెమ్మని కొమురెల్లి పంపించాడు. నిజానికి కొమురెల్లికీ తీగల సంగతి తెలియదు. పని మొత్తం తన చేతిమీదుగా జరిగిందని లింగమూర్తికి చెప్పుకోవాలని అతని ఆశ.

ఒక్కడే మిగిలాడు. ఊచ వంక చూశాడు. వేలంత లావు లేదు. దాని మీద బరువైన చెక్క, రాగి చుట్టలు, గంటలు, వందల తీగలు. లోపల చీకటి. నూనె, దుమ్ము కలిసిన వాసన. తల పెట్టబోయి వెనక్కి తీశాడు. మళ్ళీ పెట్టబోయాడు.

బాయిలో కప్పు కిందికి పోయేముందు ఎవడైనా ఒక పని చేస్తాడు. కర్రతో కప్పును తట్టి చప్పుడు వింటాడు. గట్టిగా మోగితే మంచిది. బోలుగా పలికితే కప్పుకు ఆనించి గుంజ నిలబెడతాడు. కొమురెల్లి స్క్రూడ్రైవరు పిడితో బోర్డును కింది నుంచి తట్టాడు. అరంగుళం పలక అది, డప్పులా బోలుగా పలికింది. పలక అట్లా కాక ఎట్లా పలుకుతుంది. ఆ సంగతి అతని బుద్ధికి తెలుసు. కాళ్లకు తెలియదు.

క్లబ్బు వెనక విరిగిన కుర్చీలు పడి ఉన్నాయి. రెండు కాళ్లు కోసుకొచ్చాడు. పెట్టె అడుగున నిలబెట్టి బోర్డుకు ఆనించాడు. బోర్డు వాలుగా ఉంది కాబట్టి తలలు సరిగ్గా ఆనలేదు. బాయిలో గుంజ ఆనకపోతే తలమీద చెక్క చీలిక పెట్టి సుత్తితో బిగిస్తారు. గుంజ మోగేదాకా బిగిస్తారు. అతను అదే చేశాడు. మొదటి గుంజ బిగిసింది. రెండోదాని మీద చీలిక పెట్టి కొట్టాడు. మోగలేదు. ఇంకోటి కొట్టాడు. నర్సింగం ఆ రోజు తమ గుంజను ఇంకా బిగించాలని అన్నాడు, కొమురెల్లి చాల్లే అన్నాడు. ఆ సంగతి అప్పుడు గుర్తొచ్చి మరీ గట్టిగా కొట్టాడు.

టపీమని చప్పుడైంది. చెక్క విరిగిన చప్పుడు.

కొమురెల్లి రెండు చేతులూ తలమీద పెట్టుకుని నేలమీద కూర్చుండిపోయాడు. అట్లా ఎంతసేపున్నాడో అతనికే తెలియదు. మీద ఏమీ పడలేదు. లేచి పైనుంచి చూశాడు. రెండో గుంజ తల సరిగ్గా ఒక ఎర్రబిళ్ల కింద ఆనింది. బిళ్ల సగం పైకి పొడుచుకొచ్చింది. దాని అంచు నుంచి పగులు బయల్దేరి ఊయల తాడు మీదుగా పిల్ల మోచేతి దాకా పోయింది. దారి పొడుగునా పాత రంగు పెచ్చులుగా లేచింది.

హమీద్ స్టెప్నీని దొర్లించుకుంటూ వచ్చేసరికి అతను గోడకు ఆనుకుని ఉన్నాడు. హమీద్ పెట్టెలోకి తొంగిచూశాడు. గుంజలు చూశాడు.

"బొమ్మల పెట్టెకు గుంజ పెట్టినవా," అన్నాడు.

హమీద్ సుత్తితో కాకుండా అరచేత్తో తడుతూ గుంజలు తీశాడు. తానే కింద తల పెట్టి నట్లు విప్పాడు. వడ్రంగి జిగురు కాచి పగుల్లోకి ఎక్కించి, పైనా కిందా చెక్కలు పెట్టి బిగించి, లప్పం పూసి, ఎండాక గీకి నున్న చేశాడు. ఎర్రబిళ్లను ఎంత నొక్కినా గోరు మందం పైకే ఉంది. లోపల చెక్క పొర చిట్లి దాన్ని దిగనివ్వడం లేదు.

హమీద్ లింగమూర్తికి ఇప్పుడే చెప్పమన్నాడు. పొరపాటైందని చెప్తే ఆదివారంలోగా వడ్రంగితో బాగు చేయించుకోవచ్చన్నాడు. కొమురెల్లి తల అడ్డంగా ఊపాడు. చెప్పాలంటే గుంజ ఎందుకు పెట్టాడో చెప్పాలి. ఎందుకు పెట్టాడో చెప్తే బాయి భయం బయటపడుతుంది. బయటపడితే తన పేరు వాళ్ల నోళ్లలో నానుతుంది, నవ్వుతారు, నవ్వి కిందికి పంపుతారు. హమీద్ ఇక బలవంతం చేయలేదు.

శనివారమంతా బొమ్మ వేశారు. హమీద్ గొట్టం పట్టుకున్నాడు, కొమురెల్లి మర బిగించి చిమ్మాడు. డేరా నీలం రెండుసార్లు తేడా వచ్చింది, రెండుసార్లు తుడిచాడు. మూడోసారి పాత నీలంలో కలిసిపోయింది. పిల్ల ముఖానికి మాత్రం కాగితం కత్తిరించి అడ్డుపెట్టుకుని చాలా పలచగా కొట్టాడు. పగులు మాయమైంది. స్పిరిటు పాలిష్ పొరలు పడ్డాయి, కిటికీలు మూసి వార్నిష్ వేశారు. బొమ్మ బాగా వచ్చింది. ఆ మాట ఒప్పుకోవాలి. పిల్ల నవ్వుతోందో భయపడుతోందో మాత్రం తెలియకుండా వచ్చింది.

ఆదివారం మధ్యాహ్నం, పెద్ద సారు రాకముందే, లింగమూర్తి వచ్చి చూసుకున్నాడు. కొమురెల్లి చేతులు కట్టుకుని పక్కన నిలబడ్డాడు. హమీద్ వర్కుషాపు మనిషి కాదు కాబట్టి రాలేదు. లింగమూర్తి బొమ్మను చూసి బాగుందన్నాడు. భుజం తట్టాడు. కొమురెల్లి కళ్లలో నీళ్లు తిరిగాయి.

లింగమూర్తి స్ప్రింగు లాగి వదిలాడు. గుండు పైకి పోయి, రబ్బరు గుబ్బలకు తగిలి, గంట మోగించి, డేరా మీదుగా జారి, ఎర్రబిళ్ల దగ్గరికొచ్చి టక్కున ఎగిరింది. ఎగిరి పక్క సందులో పడిపోయింది. ఇంకోసారి వదిలాడు. మళ్ళీ అక్కడే ఎగిరింది. మూడోసారి ఎగిరాక ఆయన వంగి బిళ్లను వేలితో తడిమాడు.

"బోర్డు లేపు," అన్నాడు.

కొమురెల్లి లేపాడు. లింగమూర్తి టార్చి వేసి చూశాడు. కింద చెక్కలో రెండు గుంజల తలల అచ్చులు పడి ఉన్నాయి. చీలికల గుర్తులు కూడా స్పష్టంగా ఉన్నాయి. ఆయన స్టోర్సులో కూర్చునేవాడే గాని బాయిలు ఎరగనివాడు కాదు. టార్చి ఆర్పేశాడు.

"ఎవలు పెట్టిన్రు ఇవి?"

కొమురెల్లి తల మీద బరువేదో దిగుతున్నట్టయింది. తనే అని చెప్పడానికి నోరు తెరిచాడు.

"హమీద్ సార్," అన్నాడు. "షెడ్డు హమీద్. నేను లేనప్పుడు పెట్టిండు."

ఆ మాట అతని నోట్లో ఇంకెవరూ పెట్టలేదు. లింగమూర్తి అడిగింది పేరు ఒక్కటే. నేను లేనప్పుడు అన్న మాటను కొమురెల్లి సొంతంగా కలిపాడు.

లింగమూర్తి అతని వంక చూశాడు. నింపాదిగా, పైనుంచి కిందిదాకా చూశాడు.

"హమీద్ ఏ బాయిల పని చేసిండు, గింత మంచిగ గుంజ బిగించుడు నేర్చుకునెతందుకు?"

కొమురెల్లి లేపిన బోర్డు అంచును ఇంకా పట్టుకునే ఉన్నాడు.

"సరె," అన్నాడు లింగమూర్తి. "హమీదే. నువ్వు చెప్పినవు, నేను విన్న. యాదికుంచుకో."

బోర్డు దించమన్నాడు. ఎర్రబిళ్ల వైపు గుండు పోకుండా అడ్డంగా ఒక రబ్బరు పట్టీ కట్టించాడు. సాయంత్రం పెద్ద సారు ఆడాడు, ఆయన భార్య చప్పట్లు కొట్టింది. ఈ పెయింటరు మనవాడేనా అని ఆయన అడిగాడట, మనవాడే అని లింగమూర్తి చెప్పాడట. సోమవారం కొమురెల్లి దీపం తీసుకోలేదు. రంగుడబ్బా తీసుకున్నాడు.

సారక్కకు ఆ రోజే చెప్పాడు, పైనే ఉంటున్నానని. ఆమె సంతోషపడి పావుసేరు మాంసం తెప్పించింది. రెండు రోజుల తర్వాత నల్లా దగ్గర హమీద్ భార్య మక్సూదా కనిపించిందట. కంపెనీ జీపులన్నీ షెడ్డు నుంచి తీసుకుపోయారని, ఇక పని ఇచ్చేది లేదన్నారని, కారణం ఎవరూ చెప్పడంలేదని ఆమె ఏడ్చిందట. ఈ కబురు చెప్పి సారక్క మొగుడి ముఖం వంక చూసింది. కొమురెల్లి ముద్ద కలుపుతూ ఉండిపోయాడు.

"నీకెరికేనా?" అంది.

అతను ఆ ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. ఆమె తన కంచం తీసుకుని బయట అరుగుమీదికి పోయింది.

హమీద్ దగ్గర సగం రంగు పడ్డ జీపు ఒకటి తాడు కట్టి వర్కుషాపుకు లాక్కొచ్చారు. మిగతా సగం కొమురెల్లి కొట్టాలన్నారు. అతను పెద్ద గన్ను శుభ్రం చేసుకుంటుంటే హమీద్ సైకిలు మీద వచ్చాడు. సైకిలు దిగి, స్టాండు వేసి, జీపు చుట్టూ ఒకసారి తిరిగి తన సగాన్ని చూసుకున్నాడు.

"అస్గర్ బ్రష్ అడుగుతుండు," అన్నాడు.

కొమురెల్లి బ్రష్‌ను బట్టలో చుట్టి పెట్టాడు. తెచ్చి ఇచ్చాడు. హమీద్ బట్ట విప్పి, మర తిప్పి, మొన ఊది చూశాడు. లోపల నీలం ఆరిపోయి ఉంది. గోటితో గీకాడు.

"మంచిగ కడుగలేదు."

"కడిగిన అన్నా."

"బోర్డు ఇరగ్గొట్టింది నేనని అంటున్రు. ఎవలన్నరో ఎవ్వలు చెప్తలేరు. అక్కడ ఇద్దరమే ఉంటిమి." హమీద్ గొంతు పెద్దది చేయలేదు. "నేనైతె నీ పేరు చెప్తుంటినో, చెప్పకపోతుంటినో, నాకు తెల్వది. నన్ను ఎవ్వలు అడగలే."

కొమురెల్లి ఏదో అనాలనుకున్నాడు. బాయి గురించి, నర్సింగం ఆ చీకట్లో మాట్లాడిన మాటల గురించి ఇతనికైనా చెప్పాలనుకున్నాడు. అంతలో గేటు దగ్గర జీపు మోత వినిపించింది. లింగమూర్తి జీపు. ఆ మోతను ఇప్పుడు అతను దూరం నుంచే గుర్తుపడతాడు. మాట అక్కడే ఆగిపోయింది. తెలియకుండానే నిటారుగా నిలబడ్డాడు. గన్ను కింద పెట్టి చేతులు కట్టుకున్నాడు. నుదుటి మీద చెమట పట్టింది.

హమీద్ ఆ చేతుల వంక చూశాడు. బ్రష్ జేబులో వేసుకుని సైకిలెక్కి వెళ్లిపోయాడు.

జీపు వర్కుషాపు ముందు నుంచి ఆగకుండా పోయింది. దుమ్ము లేచి, సగం రంగు పడ్డ జీపు మీద పడింది. మోత వినిపించకుండా పోయాక కూడా కొమురెల్లి చేతులు విప్పలేదు.